ఆమె ఒడి మీ కారు అర కాదు

మన దేశంలో కారు స్టీరింగ్ కుడివైపు ఉంటుంది. గ్లోవ్ బాక్స్ అని పిలిచే మూత ఉన్న అర ఎడమవైపు ఉంటుంది. బండి నడిపే మనిషి సీటు బెల్టు పెట్టుకుని, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెయ్యి చాపితే ఆ అర అందదు. అందాలంటే ఒళ్ళంతా ఎడమవైపు వాల్చాలి, తల డ్యాష్‌బోర్డు కిందికి వంచాలి. చాలా చిన్న కార్లలో మూత పడే చోటు ఇదొక్కటే. దాన్ని నడిపేవాళ్ళకు అందని చోట పెట్టారంటే తయారుచేసినవాళ్ళు లెక్క తప్పారనుకోవాలా? నేననుకోను. వాళ్ళ లెక్కలో ఇంకో చెయ్యి ఉంది. ఎడమ సీట్లో కూర్చునే మనిషి చెయ్యి. ఆ మనిషి ఎవరో మనందరికీ తెలుసు.

ఇంజనీర్లు దీనికి సమాధానం సిద్ధంగా ఉంచుకుంటారు. స్టీరింగ్, దాని గొట్టం, మీటర్లు, పెడల్స్ కుడివైపు చోటంతా తీసుకుంటాయి కాబట్టి మిగిలిన ఖాళీలో అర పెట్టాం అంటారు. నిజమే. ఇంట్లో కూడా అన్ని గదులూ అమర్చుకున్నాక మిగిలిన చీకటి మూలనే వంటిల్లన్నారు కదా! చోటు ఎందుకు మిగిలిందో చెప్పడం వేరు, ఆ ఏర్పాటుతో ఇన్నేళ్ళుగా ఎవరికీ ఇబ్బంది ఎందుకు కలగలేదో చెప్పడం వేరు. అడిగితే అందించే మనిషి పక్కనే ఉంది కాబట్టి ఇబ్బంది కలగలేదు. ఆ అందించడం పని అని ఎవరూ అనుకోలేదు కాబట్టి ఆమెకు ఇబ్బంది ఉందా అని ఎవరూ అడగలేదు.

కొండాపురం నుంచి ముద్దనూరు మీదుగా ప్రొద్దుటూరుకు పెళ్ళిబట్టలకనో బంగారానికనో పోయే ఏ సంసారుల కారులోనైనా ఒక గంట కూర్చుని చూడండి. ‘నీళ్ళ బాటిలు ఇయ్యి మే.’ ‘ఫోను మోగుతాంది, ఎవరో సూడు.’ ‘నా కండ్లద్దాలు యాడబెట్టినావ్?’ ‘బిళ్ళ ఏసుకునే టయిమైంది, గుర్తు సెయ్యొద్దా?’ ఆమె ఒళ్ళో ఆయన ఫోను, దాని ఛార్జరు, బిడ్డ పాలసీసా, తన హ్యాండ్‌బ్యాగు, అత్తగారి మాత్రల కవరు, చీనీకాయల సంచి. ఒలిచిన తొనలు ఆయన చేతికి పోతాయి, తొక్కలూ గింజలూ ఆమె ఒళ్ళోనే మిగులుతాయి. ఆమే నీళ్ళకుండ, ఆమే గల్లాపెట్టె, ఆమే టెలిఫోన్ ఎక్స్ఛేంజి, చివరికి చెత్తబుట్ట కూడా ఆమే. ముందు సీట్లో మామగారో బావగారో కూర్చుంటే ఆమె వెనక్కి పోతుంది. పోయినా డ్యూటీ తప్పదు. రెండు సీట్ల మధ్య నుంచి చెయ్యి ముందుకు చాచి అందిస్తూనే ఉంటుంది. ఆమె ఏ సీట్లో కూర్చున్నా ఆయన చేతికి అందే దూరంలో ఉండాలి. బండికి అసలు కొలత అదే.

ఈ పని బండి ఎక్కకముందే మొదలవుతుంది. ఎవరికి ఏ మాత్ర ఎన్నింటికో, ఎవరికి వాంతులవుతాయో, ఏ పిల్లకు ఏ బిస్కెట్టు కావాలో, ఆయన దగ్గరి చూపు అద్దాలు ఏ చొక్కా జేబులో మర్చిపోయాడో అన్నీ ఆమె గుర్తు పెట్టుకోవాలి. గ్యాసు కట్టేసి, కిటికీలు మూసి, తలుపుకు తాళం వేసి ఆమె బయటికి వచ్చేలోగా ఆయన స్టీరింగ్ ముందు కూర్చుని హారన్ కొడుతుంటాడు. చిన్న వస్తువులన్నీ ముందు ఆమె జ్ఞాపకంలో సర్దబడతాయి, తర్వాత ఆమె బ్యాగులోకి, ఆ తర్వాత ఆమె ఒళ్ళోకి వస్తాయి. 2018లో బండి కాగితాలు ఫోనులో చూపించినా చెల్లుతాయని నియమాలు మార్చారు. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్ గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి అయింది. కాగితాల కవరు, టోల్ చిల్లర - రెండు వస్తువులు ఆమె ఒళ్ళోంచి దిగిపోయాయి. దింపింది ప్రభుత్వమూ బ్యాంకులూ. పక్కన కూర్చున్న మగవాడు తనంతట తానుగా ఇంతవరకూ ఒక్కటీ దింపలేదు!

ఒడి అనే మాట మనకు కొత్తది కాదు. కూతురికి ఒడిబియ్యం పోసి పంపుతాం. కడుపుతో ఉన్న పిల్లకు ఒడి నింపుతాం. పత్తి చేలో కూలికి పోయిన ఆడమనిషి కొంగుతో ఒడి కట్టుకుని, తీసిన పత్తి అందులో వేసుకుంటుంది. ఇంకొకరు నింపడానికో, ఇంకొకరి కోసం మొయ్యడానికో ఆడదాని ఒడి ఉందని మన సంస్కృతి ముద్దుగా, పాటలు పాడి మరీ చెప్పింది. కారు వచ్చాక ఆ పాట మానేశాం గానీ పద్ధతి మానలేదు. అరలు తక్కువున్న బండిలో ఒడి అరగా మారిపోయింది.

అయితే మన జేజిలకు సొంత అర ఒకటుండేది. రొంటిన దోపుకున్న వక్కాకు సంచి. అందులో ఆకు, వక్క, సున్నం డబ్బీ, పొగాకు, మడిచిన నోటు, చిల్లర, ఒక్కోసారి తలనొప్పి బిళ్ళ. చూడకుండానే వేళ్ళకు ఏది కావాలో అది తగిలేది. ఆ సంచిలో ఇంకొకరు చెయ్యి పెట్టడానికి వీల్లేదు, కొడుకైనా సరే అడగాల్సిందే. చేతికందే చోటు అంటే నిజమైన అర్థం అది. ఎవరి చేతికందాలో ఆ చేతి మనిషే అందులో ఏముండాలో నిర్ణయించుకోవాలి. ఈనాటి హ్యాండ్‌బ్యాగు ఆ వక్కాకు సంచికి వారసురాలే గానీ ఆస్తి మాత్రం పరాధీనమైంది. ‘ఇది కూడా నీ బ్యాగులో వెయ్యి’ అనే మాటతో ఇంటిల్లిపాదీ దాన్ని ఆక్రమించుకున్నారు. తర్వాత ‘ఆడవాళ్ళ బ్యాగులో ఏముంటుందో దేవుడికే తెలుసు’ అని జోకులేసేది కూడా వాళ్ళే. ఏముంటుంది? మీవే ఉంటాయి. 2018లో ‘ది పుడ్డింగ్’ అనే వార్తాసంస్థ ప్యాంటు జేబులు కొలిచింది. ఆడవాళ్ళ జీన్స్ ముందు జేబు లోతు మగవాళ్ళ జేబు కన్నా సగటున 48 శాతం తక్కువని తేలింది. చీరకైతే ఆ తక్కువ జేబు కూడా లేదు. ఒంటి మీద జేబు లేకుండా చేసి, బండిలో అర లేకుండా చేసి, చేతిలో ఉన్న సంచిని చూసి నవ్వడం ఏం న్యాయం?

కారు చరిత్ర మొదట్లో ఇలా లేదు. 1906లో ఇంగ్లండులోని బ్లాక్‌పూల్‌లో గంటకు 146 కిలోమీటర్ల దాకా వేగం అందుకున్న డోరతీ లెవిట్ అనే డ్రైవరు 1909లో ‘ది ఉమన్ అండ్ ది కార్’ అనే పుస్తకం రాసింది. ఒంటరిగా బండి నడిపే ఆడవాళ్ళకు అందులో సలహాలు చెప్పింది. సీటు కింద ఉండే చిన్న సొరుగులో చేతితొడుగులు, చేతిరుమాలు, అద్దం పెట్టుకోమంది. ఆ అద్దాన్ని అప్పుడప్పుడూ పైకెత్తి వెనక ఏ బండి వస్తోందో చూసుకోమంది. వెనక చూసే అద్దం కార్లకు బిగించి అమ్మడం మొదలుకాక ముందటి మాట ఇది. ఒంటరి ప్రయాణానికి చిన్న తుపాకీ కూడా దగ్గర ఉంచుకోమంది. తుపాకీ సంగతి అలా ఉంచండి. గమనించాల్సింది ఆ సొరుగు ఎక్కడుందన్నది. నడిపే ఆడమనిషి కూర్చున్న సీటు కిందే, ఆమె చేతికందే చోట, ఆమె నిర్ణయించుకున్న వస్తువులతో. అది ఆమె వక్కాకు సంచి.

నలభై ఆరేళ్ళ తర్వాత ఏమైందో చూడండి. 1955లో అమెరికాలో డాడ్జ్ కంపెనీ ప్రత్యేకంగా ఆడవాళ్ళ కోసమని ‘లా ఫామ్’ అనే కారు తెచ్చింది. గులాబీ రంగు. దానితో పాటు గులాబీ రంగు తోలు హ్యాండ్‌బ్యాగు, లిప్‌స్టిక్, పౌడరు డబ్బీ, గొడుగు, వానకోటు అన్నీ ఉచితం. ఆ బ్యాగు పెట్టుకోవడానికి కొలత ప్రకారం చేసిన అర కూడా ఇచ్చారు. ఆ అర ఎక్కడ పెట్టారనుకున్నారు? నడిపే మనిషి పక్కన కూర్చునే సీటుకు వీపు వైపు! నడుపుతున్న ఆడమనిషికి ఏ విధంగానూ అందని చోట. బ్యాగు బయటికి అందంగా కనపడాలి, అంతే. ఆమె చెయ్యి ఎంత దూరం చాగుతుందో కొలవాలని ఎవరికీ తోచలేదు, లిప్‌స్టిక్ రంగు మాత్రం కుదిరింది. రెండేళ్ళకే, 1956తో ఆ కారు ఆగిపోయింది. ఆడవాళ్ళకు కార్ల మీద ఆసక్తి లేదని తేల్చేశారు. ఇప్పుడు షోరూముల్లో ‘మహిళలకు అనుకూలం’ అంటూ చూపించే అలంకారపు అద్దమూ బ్యాగు కొక్కెమూ ఆ గులాబీ కారు మనవరాళ్ళే.

అందే దూరాన్ని కొలవడం మనుషులకు చేతకాక ఇలా జరిగిందా? కానే కాదు. ఎక్కడ అవసరమనుకున్నారో అక్కడ సెకన్లతో సహా కొలిచారు. 1926లో మార్గరెటే షూటె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కట్టించిన ఇళ్ళ కోసం ఒక వంటిల్లు రూపొందించింది. ఆమె కమ్యూనిస్టు, తర్వాత నాజీలు జైల్లో పెట్టిన మనిషి. ఆడవాళ్ళ పనిగంటలు తగ్గాలన్నది ఆమె కోరిక. నిలబడ్డ చోటి నుంచి రెండడుగుల్లో అన్నీ అందేలా, పిండికీ చక్కెరకీ బియ్యానికీ పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు పెట్టింది. దానికి ఆమె చూసుకున్న నమూనా ఏమిటో తెలుసా? రైలు భోజనశాల పెట్టెలోని వంటగది! కదిలే బండిలో చిన్న వస్తువుల్ని చేతికందేలా ఎలా అమర్చాలో ప్రపంచానికి అప్పటికే తెలుసన్నమాట. ఆ విద్య బండి నుంచి వంటింటికి వచ్చింది. ఆడది వేగంగా వండడానికి అక్కరకొచ్చింది. మనకు ఆర్కిటెక్టులు కూడా అక్కర్లేకపోయింది. పోపులపెట్టె చూడండి. ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, శనగపప్పు, మెంతులు, ఎండుమిర్చి, పసుపు - నూనె మాడేలోగా ఒక్క చెయ్యి చాపుకి ఏడు గిన్నెలూ అందుతాయి. ఇన్ని తరాలుగా ఇంత పొందికైన పెట్టెను వాడుతున్న మనుషులకు కారులో చిన్న వస్తువులెలా పెట్టుకోవాలో పత్రికల ఆదివారం అనుబంధాలు చిట్కాలు చెబుతాయి!

ఒడిని అరగా వాడితే ఏమవుతుందో ఒక ముసలామె ఒంటి మీద రాసి ఉంది. 1992 ఫిబ్రవరిలో అమెరికాలోని ఆల్బుకర్కీలో 79 ఏళ్ళ స్టెల్లా లీబెక్ మెక్‌డొనాల్డ్స్‌లో కాఫీ కొనుక్కుంది. మనవడు స్టీరింగ్ దగ్గర, ఆమె పక్క సీట్లో. బండి ఆపే ఉంది. ఆ కారులో కప్పు పెట్టుకునే చోటు లేదు, డ్యాష్‌బోర్డు ఏటవాలుగా ఉంది. మూత తీయడానికి ఆమె కప్పును మోకాళ్ళ మధ్య పెట్టుకుంది. ఎనభై డిగ్రీల సెల్సియస్ దాటిన కాఫీ ఒళ్ళో ఒలికింది. తొడలూ మర్మాంగాలూ లోతుగా కాలిపోయాయి. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండి చర్మం అతికించుకోవాల్సి వచ్చింది. ఖర్చుల కింద ఆమె 20,000 డాలర్లు అడిగితే కంపెనీ 800 ఇస్తానంది. ఆమె కోర్టుకెళ్ళింది. 1994లో జ్యూరీ ఆమె వైపు తీర్పు చెబితే, కాఫీ ఒలకబోసుకుని కోట్లు కొట్టేసిన ఆశపోతు ముసల్దని టీవీల్లో ఏళ్ళ తరబడి నవ్వుకున్నారు. జ్యూరీ చెప్పిన సొమ్మును జడ్జి బాగా తగ్గించిన సంగతి ఆ నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు. కప్పు పెట్టుకునే చోటు ఉంటే ఆ కాఫీ ఆమె మోకాళ్ళ మధ్యకు పోయేదే కాదని ఎందరు ఆలోచించారు? కార్ల లోపాన్ని ఆడవాళ్ళ శరీరాలు మోస్తాయి, తర్వాత ఆ శరీరాలనే నవ్వులపాలు చేస్తారు.

మన దేశం సంగతి ఇంకా స్పష్టం. 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు డ్రైవరు ముందు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేశారు. పక్క సీటుకు? 2021 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ ముందు కొత్త మోడళ్ళకు. చవక రకం కార్లలో ఆ మధ్య కాలమంతా కుడి సీటుకు గాలిదిండు ఉంది, ఎడమ సీటుకు లేదు. ఎడమ సీట్లో ఎవరు కూర్చుంటారో మళ్ళీ చెప్పక్కర్లేదు. ఇప్పుడు రెండు వైపులా వచ్చింది సరే. కానీ గాలిదిండు క్షణంలో సగం సేపట్లో విచ్చుకునేటప్పుడు ఒళ్ళో ఉన్న స్టీలు క్యారియరూ గాజుసీసా ఎక్కడికి ఎగురుతాయి? ఒడిని అరగా వాడుకునే సంసారం ఈ ప్రశ్న వేసుకోదు.

ఇంతవరకు చదివిన కొందరు మిత్రులకు కోపం వచ్చి ఉంటుంది. 2020లో గండికోట జలాశయం నీళ్ళు పెంచినప్పుడు కొండాపురం మండలంలో తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అలాంటి చోటు గురించి రాస్తూ కారు సొరుగుల మీద పోట్లాటా? అక్కడ కారున్న ఆడవాళ్ళు ఎంతమంది? ఇది పట్నపు మధ్యతరగతి చిరాకు కాదా? గౌరవించాల్సిన ప్రశ్నే. దానికి నా దగ్గర రెండు జవాబులున్నాయి.

మొదటిది. చిల్లర విషయం అనే మాట మనం ఎప్పుడూ వింటున్నదే. వంటింటి మీద కవిత్వమేమిటని ముక్కు విరిచేవాళ్ళున్న కాలంలోనే విమల ‘వంటిల్లు’ రాసింది. పెద్ద విషయాలు చిన్న వస్తువుల్లోంచే మన రోజులోకి వస్తాయి. పెత్తనం ఎప్పుడూ తుపాకీ పట్టుకుని రాదు, ‘ఆ బాటిలిట్లా ఇయ్యి’ అని కూడా వస్తుంది.

రెండోది ఇంకా ముఖ్యం. ఒడి మధ్యతరగతిది మాత్రమే కాదు. శనగ కోతలకూ పత్తికీ చీనీ తోటల్లో పనికీ పొద్దున్నే ఆటోలెక్కే కూలి ఆడవాళ్ళను చూడండి. నలుగురు పట్టే చోట ఎనిమిది మంది. ఒక్కొక్కరి ఒళ్ళో అన్నం క్యారియర్, నీళ్ళ బాటిలు, గుడ్డ చుట్టిన కొడవలి, వాటి మీద పసిపిల్ల. డ్రైవరుకు ముందు తన తువ్వాలు, చిల్లర, దేవుడి పటం, పాటల పెట్టె పెట్టుకునే చోటుంది. ఆడవాళ్ళ పనిముట్టుకు బండిలో చోటు లేదు, ఎందుకంటే వాళ్ళకు ఒళ్ళున్నాయి. ప్రజారవాణా వాహనాల్లో చేతికందేలా అత్యవసర బటన్ ఉండాలని కేంద్రం 2019 జనవరి నుంచి నియమం పెట్టింది. ఆ నియమం నుంచి మూడు చక్రాల బండ్లను మినహాయించింది. ఆడవాళ్ళ చేతికి ఏదైనా అందాలని ప్రభుత్వం ఆలోచించిన ఒక్క సందర్భంలో కూడా పల్లెటూరి ఆడవాళ్ళు ఎక్కే బండిని వదిలేసింది! ముంపు ఊళ్ళు విడిచి ట్రాక్టర్లెక్కిన సంసారాల్లో పట్టా కాగితాలూ నాలుగు తులాల బంగారమూ ఎవరి ఒళ్ళో కూర్చుని కొత్త కాలనీకి చేరి ఉంటాయో ఊహించడానికి సర్వేలేం అక్కర్లేదు.

మన సీమ బండి గురించి సినిమా చెప్పిన కథ ఇంకొకటుంది. టాటా సుమో 1994లో వచ్చింది, 2019లో ఆగిపోయింది. 1999లో ‘సమరసింహారెడ్డి’ వచ్చాక సీమ పేరు చెప్పుకున్న ఎన్నో సినిమాల్లో సుమోలు బారులు తీరాయి. సీటు కింద చెయ్యి పెడితే వేటకొడవలి, లేదంటే నాటుబాంబు. నడిపేవాడి చేతికందే చోట ఉండేది చంపే వస్తువేనని రాష్ట్రమంతా నమ్మింది. పెళ్ళికీ ఆసుపత్రికీ తిరుపతికీ పోయిన అసలు సుమోల్లో సీటు కింద దొరికేవి వేరు. నిమ్మకాయ, వాంతులకు పెట్టుకున్న కవరు, పిల్లల సాక్సు, మడతపెట్టిన తడిగుడ్డ. వాటిని అక్కడ పెట్టిన చేతులకు ఏ సినిమాలోనూ ఒక్క షాటు లేదు. మగవాడి కత్తి కథయింది, ఆడదాని తడిగుడ్డ కథ కాలేదు.

ఇప్పుడు స్టీరింగ్ దగ్గర ఆమె కూర్చుందనుకుందాం. ఇది ఊహేమీ కాదు. ప్రొద్దుటూరు నుంచో జమ్మలమడుగు నుంచో పల్లె బడికీ ఆసుపత్రికీ మండలాఫీసుకీ తన బండి తానే నడుపుకుంటూ పోయే టీచర్లూ నర్సులూ ఉద్యోగినులూ ఇప్పుడు లేకపోలేదు. పెడల్స్ అందడానికి ఆమె సీటు ముందుకు జరుపుకుంటుంది. జరుపుకోగానే రెండు సీట్ల మధ్య ఉన్న పెట్టె మోచేతికి వెనకబడుతుంది. చీరకు జేబు లేదు. బ్యాగు పక్క సీటు మీద పెట్టుకుంటుంది. గేదె అడ్డం వస్తే బ్రేకు వేస్తుంది, బ్యాగు జారి కింద పడుతుంది, బాటిలు దొర్లి పెడల్ కిందికి పోతుంది. అదే సమయానికి బ్యాగులో ఫోను మోగుతుంది - ‘యాడున్నావ్, ఇంకా రాలేదే’ అని ఇంటి నుంచి. అమెరికాలో వర్జీనియా టెక్ పరిశోధకులు వంద కార్లలో కెమెరాలు బిగించి ఏడాది పాటు గమనించిన ఫలితాలు 2006లో బయటపెట్టారు. కదులుతున్న వస్తువు కోసం చెయ్యి చాపినప్పుడు ప్రమాదం, లేదా త్రుటిలో తప్పిన ప్రమాదం, జరిగే అవకాశం తొమ్మిది రెట్లు పెరిగిందని తేలింది. జారిపోతున్న బ్యాగు చిల్లర విషయం కాదని అర్థమవుతోందా?

ఇంకో సంగతి. ఆమె నడుపుతున్నప్పుడు ఆయన ఎడమ సీట్లో కూర్చున్నాడనుకోండి. అదే సీటు, ఎదురుగా అదే గ్లోవ్ బాక్స్. మరి ఆయన ఒళ్ళో ఏముంటుంది? ఏమీ ఉండదు. ఆమెకు నీళ్ళ బాటిలు మూత తీసి ఇస్తాడా? ఆమె కళ్ళద్దాలు తుడిచి పెడతాడా? చీనీకాయ ఒలుస్తాడా? ‘గేరు మార్చు. హారన్ కొట్టు. ఆ లారీని దాటొద్దు. బ్రేకు, బ్రేకు!’ - ఆ సీటు ఒక్కసారిగా డ్రైవింగ్ స్కూలు మాస్టారి కుర్చీ అయిపోతుంది. అందించే పని సీటుకు అంటుకుని ఉంటే ఆయనకు కూడా అంటుకోవాలి కదా? అంటుకోలేదు. అది సీటుకు పెట్టిన పని కాదు, ఆడపుట్టుకకు పెట్టిన పని. ఇంజనీర్లు చెప్పిన ‘మిగిలిన చోటు’ వాదం ఇక్కడ కుప్పకూలుతుంది.

ఇంకోలా కట్టొచ్చని కూడా రుజువైంది. 2004 జెనీవా మోటార్ షోలో వోల్వో కంపెనీ ఒక నమూనా కారు చూపించింది. దాన్ని రూపొందించే నిర్ణయాలన్నీ ఆడవాళ్ళ బృందమే తీసుకుంది. వాళ్ళు గేరు రాడ్‌నూ హ్యాండ్ బ్రేకునూ రెండు సీట్ల మధ్య నుంచి తీసేశారు. ఖాళీ అయిన ఆ చోట పైన తాళాలకూ ఫోనుకూ చిల్లరకూ లోతు తక్కువ అర, దాన్ని వెనక్కి జరిపితే హ్యాండ్‌బ్యాగు పట్టే లోతైన అర. ఎవరు నడిపినా ఇద్దరికీ అందే చోట. గులాబీ రంగు లేదు, ఉచిత లిప్‌స్టిక్ లేదు. చోటు లేదన్నవాళ్ళకు చోటు ఎక్కడుందో చూపించారు. కంపెనీ ఆ కారును అమ్మకానికి తయారుచెయ్యలేదు. మెచ్చుకున్నారు, ఫోటోలు తీసుకున్నారు, పక్కన పెట్టారు. మన పుస్తకాలకు జరిగేది కూడా ఇదే కాబట్టి ఆశ్చర్యం లేదు.

అందుకని అడగాల్సినవి అడుగుదాం. కార్లు చేసేవాళ్ళు తమ అరల్ని అయిదడుగుల ఎత్తున్న, చీర కట్టుకున్న, సీటు ముందుకు జరుపుకుని బెల్టు పెట్టుకున్న ఒంటరి ఆడమనిషి చేత తీయించి చూడాలి. ఆమెకు అందితే అందరికీ అందినట్టే. బ్యాగు జారకుండా పట్టే చోటు, బాటిలు దొర్లకుండా ఆగే చోటు అలంకారాలు కావు, బ్రేకు లాంటివి. కూలి ఆడవాళ్ళు ఎక్కే ఆటోల్లో క్యారియర్లకూ కొడవళ్ళకూ ఒళ్ళు కాకుండా చోటుండాలి. అత్యవసర బటన్ నియమం వాళ్ళ బండికీ వర్తించాలి.

ఇంట్లో మగవాళ్ళతో మాట్లాడాల్సింది ఇంకా చిన్నది, ఇంకా కష్టమైనది. నడిపేవాళ్ళు ఎవరి వస్తువులు వాళ్ళే బండి కదలకముందు తమ చేతికందే చోట సర్దుకోవాలి. కళ్ళద్దాలు, మాత్రలు, నీళ్ళు, ఫోను. దాహమేస్తే బండి పక్కకు ఆపి తాగాలి. అందీ అందకుండా పోతే అందించేవాళ్ళు లేరని కాకుండా తాము సర్దుకోలేదని తెలుసుకోవాలి. ఇది ప్రేమ లేని సంసారం కాదా అంటారేమో. చీనీకాయ ఒలిచి పెట్టడం ప్రేమే, కాదనను. అయితే ఆ ప్రేమ రెండు సీట్ల మధ్య రెండు వైపులా నడవాలి. ఒకవైపే నడిచేదానికి మనం వేరే పేరు ఎప్పుడో పెట్టుకున్నాం.

ముద్దనూరు దాటి కొండాపురం వైపు పోతుంటే రోడ్డు పక్క శనగ చేలు, అవతల గండికోట నీళ్ళు, ఆ నీళ్ళ కింద కొన్ని ఊళ్ళు. ఆ ఊళ్ళలో పుట్టిన ఆడవాళ్ళు ఆ దారిలో పోతూ తల తిప్పి చూడాలనుకుంటారు. బ్యాగులో తలదూర్చి ఇంకొకరి కళ్ళద్దాలు వెతుకుతున్న మనిషికి కిటికీ అవతల ఏదీ కనిపించదు. ఒళ్ళో ఏమీ లేకుండా, రెండు చేతులూ ఖాళీగా పెట్టుకుని, ఒక్క ప్రయాణమంతా కిటికీలోంచి చూస్తూ కూర్చోవడం ఆమెకు రావలసిన బాకీ.